కథను మోసిన చెక్క అచ్చు

చెక్క అచ్చుకు యంత్రం అక్కర్లేదు. చైనా పనివాళ్లు పల్చటి కాగితం మీద అక్షరాలూ బొమ్మా రాసి, దాన్ని నున్నగా చిత్రిక పట్టిన చెక్క మీద బోర్లా అతికించేవారు. గీత ఉన్న చోటు వదిలి మిగతాదంతా ఉలితో తొలిచేవారు. ఉబ్బెత్తుగా నిలిచిన గీతలకు సిరా పూసి, కాగితం పరిచి, వీపున పొడి కుంచెతో రుద్దితే ప్రతి సిద్ధం. ఉలికి అక్షరమైనా బొమ్మైనా ఒకటే. సాహిత్యాన్నీ చిత్రాన్నీ ఒకే పలక మీదికి తెచ్చింది ఈ సౌలభ్యమే.

తేదీ వేసి ఉన్న అచ్చు గ్రంథాల్లో దొరికినంతలో పూర్తిగా నిలిచిన అతి పాతది క్రీ.శ. 868 నాటి వజ్రచ్ఛేదిక సూత్రం. వాంగ్ జీ అనే వ్యక్తి తల్లిదండ్రుల పుణ్యం కోసం అచ్చు వేయించి ఉచితంగా పంచాడు. అది దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని మొదట్లోనే సుభూతికి బోధిస్తున్న బుద్ధుడి బొమ్మ కనిపిస్తుంది.

బొమ్మ కథలోకి గట్టిగా దిగింది వ్యాపార ముద్రణ వచ్చాకే. ఫూజియన్ ప్రాంతంలో 1321–1323 మధ్య అచ్చైన కథల పుస్తకాల్లో ప్రతి పుటా రెండు భాగాలు: పైన బొమ్మ, కింద పాఠం. వాటిలో మూడు రాజ్యాల యుద్ధగాథ కూడా ఉంది. ఆ గాథ మీద వచ్చిన పెద్ద నవలకు మనకు దొరికే అతి పాత ముద్రణ 1522 నాటిది. అంటే నవలగా అచ్చుకు ఎక్కకముందే ఆ కథ బొమ్మలతో బజారులో తిరిగింది. జానపద చిత్రం సాహిత్యానికి అలంకారం మాత్రమే అనుకోవడం ఇక్కడ నిలవదు.

తర్వాత బొమ్మ పుస్తకం నుంచి బయటికి వచ్చింది. కొత్త సంవత్సరానికి ఇంటి తలుపులకూ గోడలకూ అతికించే అచ్చు బొమ్మలను నియన్‌హువా అంటారు. తియాన్‌జిన్ దగ్గరి యాంగ్‌లియుచింగ్, సుజౌలోని థావ్‌హువావు, షాన్‌డాంగ్‌లోని యాంగ్‌జియాబు వాటికి పేరుపడిన కేంద్రాలు. యాంగ్‌లియుచింగ్‌లో గీతలను అచ్చుతో దించి, ముఖాలకు చేత్తో రంగులు దిద్దేవారు. నవలల వీరులు ఈ బొమ్మల్లో నాటకరంగ వేషాలతో, అక్కడి భంగిమలతోనే కనిపిస్తారు. చదువురాని రైతుకు ఆ కథ అప్పటికే నాటకం ద్వారా తెలుసు, బొమ్మ చూడగానే ఘట్టం గుర్తుకొస్తుంది.

తలుపు మీద బొమ్మలుగా నిలిచే ఇద్దరు సేనానులు, చిన్ చియోంగ్, యూచి గోంగ్‌ల కథ మరీ ఆసక్తికరం. 1592లో అచ్చైన ‘పశ్చిమ యాత్ర’ నవలలో, ప్రేత భయంతో నిద్రపట్టని తాంగ్ చక్రవర్తికి ఈ సేనానులిద్దరూ రాత్రంతా కాపలా కాస్తారు. వారిని రోజూ శ్రమపెట్టలేక ఆయన వారి చిత్రాలు గీయించి తలుపులకు పెట్టిస్తాడు. ఇంటింటా ఉన్న ఆచారానికి ఆ నవల కథతో కారణం చెప్పింది. చైనా రచయిత లూ షున్ చిన్ననాడు తన మంచం దగ్గర అతికించి ఉన్న రెండు బొమ్మలను 1926 నాటి వ్యాసంలో తలచుకున్నాడు. ఒకటి ఆ నవలలోని పందిముఖం వీరుడి పెళ్లి, రెండోది ఎలుకల పెళ్లి. ఆయనకు నచ్చింది ఎలుకల పెళ్లే. 1931లో షాంఘైలో యువ చిత్రకారులకు చెక్క చిత్రణ శిక్షణ ఏర్పాటు చేసిందీ ఆయనే.

తెలుగు నేల మీద ఇవే అంగాలు, అంటే చెక్క అచ్చు, కథ, బొమ్మ, విడివిడిగా పెరిగాయి. పెడనలో టేకు అచ్చులున్నాయి. కరక్కాయ పట్టించిన బట్ట మీద రంగుకొక అచ్చుతో అద్దకం చేస్తారు, కానీ అక్కడ ఎక్కువగా పడేవి పూలూ లతలే. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ, భారత ఘట్టాలున్నాయి, బొమ్మల పక్కన తెలుగు అక్షరాలూ ఉంటాయి. అయితే అదంతా కలంతో గీసేది, ప్రతి బట్టా మళ్లీ మొదటి నుంచే. నిర్మల్‌లో పురాణ దృశ్యాలు చెక్క మీదికెక్కాయి, అదీ కుంచె పనే.

చైనా జానపద చిత్రానికి అన్నిటికంటే దగ్గరగా నిలిచేది చేర్యాల నకాషీ చిత్రకారుల పటం. సుద్ద, చింతగింజల జిగురు పట్టించిన బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, ఒకదాని కింద ఒకటిగా ఘట్టాలు సాగుతాయి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ పటం విప్పి పాడతారు. ఇందులో పాఠం బట్ట మీద ఉండదు, పాడేవారి నోట ఉంటుంది.

పటం అచ్చుకు ఎందుకు ఎక్కలేదన్నదానికి జవాబు వాడకంలోనే దొరుకుతుంది. నియన్‌హువాను ఇంటింటా ఏటేటా మారుస్తారు, కాబట్టి వేల ప్రతులు కావాలి. పటం కథ చెప్పే కుటుంబానికి ఒక్కటి చాలు. అది ఏళ్ల తరబడి వాడకంలో ఉండి, చిరిగితే నదిలో నిమజ్జనమవుతుంది. అందుకే పాత పటాలు తక్కువగా మిగిలాయి, వాటి పాఠం పాడేవారి నోటనే ఉండిపోయింది. మ్యూజియాల్లోని పాత పటాల పక్కన ఘట్టం ఘట్టానికీ పాడే పాటను కూడా రాసి పెట్టాలి. పాడేవారు ఉండగానే ఆ పని జరగాలి.