అంకెలను చిత్రములుగా చూపు విస్‌ఏడ్

అక్షాంశము, రేఖాంశము, ఉష్ణోగ్రత: ఈ అంకెల పట్టికను ఎంతసేపు చూచినను ఏ ప్రాంతము వేడెక్కినదో వెంటనే తోచదు. రంగుల పటముగా మార్చినచో క్షణములో తెలియును. ఇందుకై అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున బిల్ హిబ్బర్డ్ మున్నగువారు జావా భాషలో రచించిన ప్రోగ్రాముల సంపుటియే విస్‌ఏడ్. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడు ఐ.డి.వి. అను సాధనము దీనిపైననే నిర్మింపబడినది.

దీనిని కంప్యూటరులో అమర్చుట యెట్లు? జావా మూలపాఠమును యంత్రము నేరుగా గ్రహింపదు. కంపైలరు దానిని బైట్‌కోడుగా మార్చును. ఇట్టి ఫైళ్లను అనేకముగా ఒక్క మూటగా కట్టినదే 'జార్'. విస్‌ఏడ్ జార్ విండోసుకైనను లినక్సుకైనను ఒక్కటియే. త్రిపరిమాణ చిత్రములకు కావలసిన జావా త్రీ-డి మాత్రము అట్లు కాదు. అది తెరపై బొమ్మ గీయు యంత్రభాగముతో పనిచేయవలెను గనుక, అందు కొంత భాగము ఒక్కొక్క వ్యవస్థకు వేరుగా నుండును. కావున ముందుగా దానినే అమర్చవలెను.

పిమ్మట జార్ ఎచట నున్నదో 'క్లాస్‌పాత్' ద్వారా తెలుపవలెను. కంపైలు చేయునపుడు తెలిపినది చాలదు; నడుపునపుడును తెలుపవలెను. "క్లాసు కానరాలేదు" అను సందేశము వచ్చినచో విద్యార్థి తన గణితమును శంకింప నక్కరలేదు. ఇల్లున్నను చిరునామా లేని ఉత్తరము చేరదు గదా!

జ్ఞాపకస్థలమును కూడ లెక్కింపవలెను. 1,000 × 1,000 గళ్ల పటమునకు, గడికి 4 బైట్ల చొప్పున, 40 లక్షల బైట్లు కావలెను. గంట కొకటిగా 24 పటములకు 9.6 కోట్లు! జావాకు కేటాయించిన స్థలము చాలనిచో పని నిలిచిపోవును.

విస్‌ఏడ్ అంకెతోబాటు దాని ప్రమాణమును కూడ భద్రపరుపగలదు. అయినను, ప్రమాణమును తప్పుగా తెలిపినచో అందమైన పటమే అబద్ధము చెప్పును. మొదట జవాబు తెలిసిన చిన్న పట్టికతో పరీక్షించుట ఉత్తమము.