షుగర్‌ ఉందా? కిడ్నీల సంగతీ చూడండి!

మా టీమ్‌లో 30 దాటకుండానే షుగర్‌ వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. రాత్రి 11కి అమెరికా కాల్‌, ఆ తర్వాతే భోజనం, మాత్ర గుర్తొచ్చినప్పుడు. కిడ్నీ టెస్టు చేయించుకోమని వాళ్ల వెంటపడుతుంటాను.

ఎందుకంటే కిడ్నీ మొదట్లో నొప్పి పెట్టదు. షుగర్‌, బీపీ చాలాకాలం అదుపు తప్పితే అందులోని సన్నటి వడపోత నాళాలు దెబ్బతిని, మూత్రంలోకి అల్బుమిన్‌ అనే ప్రొటీన్‌ జారిపోతుంది. అప్పటికీ రక్తంలో క్రియాటినిన్‌ నార్మల్‌గానే ఉండొచ్చు.

పని గంటలు పెరిగేకొద్దీ నిద్ర, తిండి, మందుల వేళలు తప్పుతాయి. పైగా నడుంనొప్పికి డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ లాంటివి డాక్టర్ని అడక్కుండా మింగడం కిడ్నీకి మరింత చేటు.

టైప్‌-2 షుగర్‌ ఉంటే ఏడాదికోసారి రెండు పరీక్షలు తప్పనిసరి. మూత్రంలో అల్బుమిన్‌-క్రియాటినిన్‌ నిష్పత్తి గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. రక్తపరీక్షలో ఈజీఎఫ్‌ఆర్‌ 3 నెలలకు పైగా 60 కంటే తక్కువుంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క. ముందే తెలిస్తే మందులతో నష్టాన్ని చాలావరకు నెమ్మదింపజేయొచ్చు.

మీటింగ్‌కి పెట్టినట్టే భోజనానికీ, మాత్రకీ క్యాలెండర్‌లో టైమ్‌ బ్లాక్‌ చేసేయండి. డెడ్‌లైన్‌ అంటారా, మేనేజర్‌ని అడిగి పొడిగించుకోవచ్చు. పాడైన కిడ్నీకి ఆ వెసులుబాటు లేదు.