మీకు తెలుసా? తెర మీద తెలుగు అక్షరం

వార్తల డెస్క్‌లో మా కాలమంతా అక్షరాలతోనే గడుస్తుంది. శీర్షికలో ఒక్క అక్షరం ఎక్కువైతే కాలమ్‌లో పట్టదు. ఒక్క ఒత్తు జారితే మాటే మారిపోతుంది. ఆ అక్షరాలు కాగితం దాటి కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి చేరాక వాటి నడతను గమనిస్తూ పోగుచేసుకున్న ముచ్చట్లు కొన్ని ఇవి.

ఫోన్లను ఆపిన 'జ్ఞా'

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. అదే 'జ్ఞా'. ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ ఉన్నట్టుండి మూతపడేది. నిజానికి మనం రోజూ టైపు చేసే 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. జ, పొల్లు, ఞ వరసగా వచ్చి, ఆ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు పడి, ఆపైన దీర్ఘం వస్తేనే తంటా. ఆ వరసను ఎలా పేర్చాలో ఐఫోన్ ప్రోగ్రామ్‌కు తెలియలేదు. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని కూర్పుల దగ్గరా అది ఇలాగే తడబడింది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో సమస్య తీరింది. తప్పు ప్రోగ్రామ్‌ది, నింద మోసింది మన అక్షరం.

కనబడకుండా పనిచేసేది

ఆ కనబడని గుర్తు మనకు మేలు చేసేదే. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే 'ట్' దగ్గర ఆగి 'వే' విడిగా మొదలవ్వాలి. మధ్యలో ఆ గుర్తు లేకపోతే కంప్యూటర్ వకారాన్ని టకారానికి ఒత్తుగా దింపి 'సాఫ్ట్వేర్' అని చూపిస్తుంది. చదివేవారి నాలుక అక్కడ తట్టుకుంటుంది. 'ఫేస్‌బుక్', 'హైదరాబాద్‌లో' లాంటి మాటలన్నీ దాని చలవతోనే కుదురుగా కనిపిస్తున్నాయి. కంప్యూటర్లు వాడే ఉమ్మడి అక్షరాల పట్టిక యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేనిది, పక్క అక్షరాలను అతుక్కోనివ్వనిది అని అర్థం.

దీనితో జాగ్రత్త కూడా అవసరమే. ఒకరు ఆ గుర్తు పెట్టి, మరొకరు పెట్టకుండా రాస్తే, అక్షరం అక్షరం పోల్చి వెతికే యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. దాచుకున్న పాత వార్త ఎంత వెతికినా దొరకకపోతే ఒక్కోసారి కారణం ఇదే. అందుకే ఒక పత్రికలో పనిచేసేవాళ్లంతా ఒకే పద్ధతిలో రాయాలని నేను పట్టుబడతాను.

'స్త్రీ' ఒకటా, ఆరా?

బడిపిల్లల లెక్కలో 'స్త్రీ' ఒకే అక్షరం. కంప్యూటర్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటు చాలు.

ఎస్‌ఎమ్‌ఎస్‌లోనూ ఇదే తేడా. ఒక సందేశంలో పట్టేది 140 బైట్లే. ఇంగ్లిషు అక్షరానికి 7 బిట్లు సరిపోతాయి కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కోదానికి 16 బిట్లు కావాలి కాబట్టి 70 దగ్గరే ఆగిపోతుంది. పొల్లులు, గుణింతపు గుర్తులు కూడా ఆ 70లోనే లెక్క. తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టే అలవాటు మనలో పాతుకుపోవడానికి ఈ ఇరుకు కూడా ఒక కారణమని నేననుకుంటాను.

వీసమెత్తు అంటే ఎంత?

'వీసమెత్తు అనుమానం లేదు' అని తేలిగ్గా రాసేస్తాం. వీసం అంటే పదహారో వంతు. పాతకాలపు భిన్నాల లెక్క నాలుగులతో సాగేది: నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, మళ్లీ అందులో నాలుగో వంతు. ఆ భిన్నాలు రాసుకోవడానికి తెలుగులో విడిగా అంకెలే ఉండేవి. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో వాటికి చోటు దొరికింది. ధాన్యం కొలిచే తూముకు రాసే గుర్తు కూడా అప్పుడే చేరింది. అది ఇదిగో: ౿. మీ ఫోన్‌లో దాని బదులు ఖాళీ డబ్బా కనిపిస్తే, మీ ఫాంట్‌లో ఆ బొమ్మ లేదన్నమాట.

చెట్టులో 'చ', చాపలో 'చ'

రెండూ ఒకటేనా? పైకి అని చూడండి. 'చెట్టు' అన్నప్పుడు నాలుక అంగిలిని తాకుతుంది. 'చాప' అన్నప్పుడు ముందుకు జరిగి పళ్ల వెనక ఆనుతుంది. 'జెర్రి'లో జకారానికీ 'జడ'లో జకారానికీ ఉన్న తేడా ఇదే. రాతలో ఒకే అక్షరంతో సరిపెట్టుకుంటున్నా, ఆ రెండో పలుకును వేరుగా చూపడానికి ౘ, ౙ అనే రూపాలున్నాయి. ఇవీ యూనికోడ్ 5.1లోనే చేరాయి. మన చెవికి తెలిసిన తేడా ఇన్నాళ్లకు కంప్యూటర్‌కూ తెలిసింది.

అడిగితేనే చోటు

యూనికోడ్‌లోకి ఏ గుర్తూ దానంతటది రాదు. అది కావాలని ఎవరో ఒకరు ప్రతిపాదన రాయాలి. ఫలానా పుస్తకంలో ఇలా అచ్చయింది, ఫలానా చోట ఇలా వాడారు అని రుజువులు చూపాలి. పాత రాతల్లో 'న్' బదులు కనిపించే నకారపొల్లు (ౝ) 2021లో యూనికోడ్ 14.0 వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

మీ ఇంటి అటక మీద తాతల నాటి లెక్కల పుస్తకం ఏదైనా ఉంటే పారేయకండి. ఒక్కసారి తెరిచి చూడండి. మీకు అర్థంకాని గుర్తు కనిపిస్తే ఫోటో తీసి దాచండి. ఆ గుర్తుకు చోటు అడగాల్సిన రోజున ఆ పేజీయే సాక్ష్యం కావచ్చు.