పాత క్వాలిస్‌కు ఇంటి వైద్యం.. హద్దు దాటితే ముప్పు

* చిన్నపాటి మరమ్మతులు యజమాని చేతిలోనే
* ఆకృతి మారిస్తే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఆటంకం

విజయవాడ: పెళ్లి బృందాలను, తిరుమల యాత్రికులను, ఐటీ సంస్థల రాత్రి షిఫ్టు ఉద్యోగులను ఒకప్పుడు విరామం లేకుండా మోసిన టయోటా క్వాలిస్ వాహనాలు నేటికీ తెలుగు రాష్ట్రాల రహదారులపై అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి. 2000 జనవరిలో విపణిలోకి వచ్చిన ఈ వాహనం, ఇన్నోవాకు చోటిస్తూ 2005 ఆరంభానికి నిష్క్రమించింది. అంటే ఇప్పుడు తిరుగుతున్న ప్రతి క్వాలిస్ వయసు రెండు దశాబ్దాలకు పైమాటే. కొత్త వాహనం కొనలేనివారు, పాతదానిపై మమకారం వీడనివారు ఇంటి ముంగిటే పానాలు పట్టుకుని మరమ్మతులకు ఉపక్రమిస్తున్నారు. ఏ పని సొంతంగా చేసుకోవచ్చు, ఏది నిపుణుడికి అప్పగించాలి, ఏది చట్టం అనుమతించదు అన్న విషయాల్లో స్పష్టత లేకపోతే పొదుపు మాట అటుంచి అసలుకే మోసం వస్తుంది.

మన్నికకు కారణమిదీ..

బెంగళూరు సమీపంలోని బిడది కర్మాగారంలో తయారైన క్వాలిస్, ఇండోనేషియాలో ‘కిజాంగ్’ పేరిట ప్రసిద్ధి పొందిన వాహనానికి భారతీయ రూపం. దృఢమైన ఉక్కు ఛాసిస్‌పై బాడీని బిగించిన నిర్మాణం దీనిది. వెనుక కమాన్ కట్టలు, ముందు టార్షన్ బార్లు బరువును మోస్తాయి. 2,446 సీసీ డీజిల్ ఇంజిన్‌కు టర్బో లేదు. ఇంధన పంపు యాంత్రికంగా పనిచేసేదే. అందువల్ల నేటి వాహనాల మాదిరిగా కంప్యూటరుకు అనుసంధానం చేయనవసరం లేకుండానే పలు లోపాలను కంటితో, చెవితో, ఒక మల్టీమీటరుతో పసిగట్టవచ్చు.

ఇంటి వద్ద చేసుకోదగినవి

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పు, బ్యాటరీ టెర్మినళ్ల శుభ్రత, ప్రొపెల్లర్ షాఫ్టుకు గ్రీజు పట్టించడం వంటివి కొద్దిపాటి అనుభవంతో ఎవరైనా చేసుకోవచ్చు. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదిలేయాలి. ఆ నీరు ఇంధన పంపులోకి, ఇంజెక్టర్లలోకి చేరితే తుప్పు పట్టి మరమ్మతు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఫిల్టర్ మార్చినప్పుడు లోపల చేరిన గాలిని చేతి పంపుతో తొలగించకపోతే బండి స్టార్టు కాదు.

తెల్లవారుజామున స్టార్టు కావడానికి మొరాయించడం, తెల్లటి పొగ రావడం క్వాలిస్ యజమానులకు తెలిసిన ఇబ్బందులే. చాలామంది బ్యాటరీని అనుమానించి కొత్తది కొంటారు. నాలుగు సిలిండర్లకు ఉన్న నాలుగు హీటర్ ప్లగ్‌లను ముందుగా పరీక్షించడం మేలు. ప్లగ్‌లకు విద్యుత్తు అందించే పట్టీని విప్పి, ఒక్కోదాని నిరోధాన్ని మల్టీమీటరుతో చూడాలి. బాగున్న ప్లగ్ సున్నాకు దగ్గరగా చూపుతుంది. కాలిపోయినదైతే అసలు కదలికే ఉండదు.

వేడెక్కితే హెడ్ పగుళ్లు

కోస్తా ఎండల్లో పాత డీజిల్ ఇంజిన్‌కు ప్రధాన శత్రువు వేడి. రేడియేటర్‌లో బోరు నీరు పోస్తే అందులోని లవణాలు గొట్టాల్లో పాచిలా పేరుకుని నీటి ప్రసరణను అడ్డుకుంటాయి. శుద్ధజలంలో కలిపిన కూలెంటునే వాడాలి. వేడి ముల్లు పైకి లేస్తున్నా బండిని అలాగే నడిపిస్తే సిలిండర్ హెడ్ వంగడం, పగుళ్లు బారడం జరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాతే మూతపై చేయి వేయాలి.

బెల్టు పని నిపుణులకే

క్యామ్ షాఫ్టును, ఇంధన పంపును తిప్పే టైమింగ్ బెల్టును సుమారు లక్ష కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. అది తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొని, క్షణాల్లో ఇంజిన్ దెబ్బతింటుంది. చేతులు మారిన బండిలో మీటరు చూపే అంకెను నమ్మలేం. బెల్టు ఎప్పుడు మార్చారో ఆధారం లేకుంటే కొన్న వెంటనే కొత్తది వేయించడం ఉత్తమం. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజిన్ తీరు మారిపోతుంది కనుక దీన్ని అనుభవజ్ఞుడైన మెకానిక్‌కే అప్పగించాలి. బ్రేకులు, స్టీరింగ్ పనులకూ ఇదే వర్తిస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత విడిభాగాలు దొరికినా బెల్టు, బ్రేకు లైనింగులు, రబ్బరు గొట్టాలను మాత్రం కొత్తవే కొనాలి.

ప్రాణం మీదకు తేవొద్దు

జాకీ ఒక్కదానినే నమ్మి వాహనం కిందకు దూరడం ప్రాణాంతకం. చదునైన గట్టి నేలపై నిలిపి, చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, ఛాసిస్ కింద ఉక్కు స్టాండ్లు నిలిపాకే పని ఆరంభించాలి. ఇటుకలను ఆధారంగా పెట్టరాదు, అవి బరువుకు చిట్లిపోతాయి. వైరింగు పనికి ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను తొలగించాలి. తీసిన ఆయిల్‌ను కాలువలో పారబోస్తే భూగర్భ జలం కలుషితమవుతుంది. డబ్బాలో భద్రపరిచి, వాడిన ఆయిల్ సేకరించేవారికి ఇవ్వాలి.

మార్పులపై చట్టం మాటేమిటి?

ముందు వైపు ఇనుప గార్డులు, అధిక వాట్ల దీపాలు, నల్ల ఫిల్ములు, వేరే వాహనపు ఇంజిన్.. ఇవన్నీ ముచ్చటకు బాగున్నా చిక్కులు తెచ్చేవే. తయారీదారు నిర్దేశించిన మౌలిక స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నల్ల ఫిల్ములపై 2012లోనే ఆ న్యాయస్థానం ఆంక్షలు విధించింది. ఇనుప గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు తెలిపింది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు యజమానికి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అధిక వాట్ల బల్బులతో తీగలు వేడెక్కి నిప్పు రాజుకునే ముప్పు అదనం. రంగు మార్చాలన్నా ముందుగా రవాణా శాఖ అనుమతి పొంది ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్‌లో పెంచిన కేంద్రం, 20 ఏళ్లు దాటిన వాహనాలకు 2025లో మరింత పెంచింది. తనిఖీలో ఇంజిన్, ఛాసిస్ సంఖ్యలను ఆర్సీతో సరిపోలుస్తారు. దీపాలు, బ్రేకులు, పొగ పరిశీలిస్తారు. గడువుకు రెండు నెలల ముందే తుప్పు పట్టిన ఛాసిస్ సంఖ్యను శుభ్రం చేసుకుని, అదనపు బిగింపులు తొలగించి, పొగ తనిఖీ పత్రం, బీమా సిద్ధం చేసుకుంటే చివరి నిమిషంలో కార్యాలయాల చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది.