కంద విత్తన దుంపల నిల్వ – మొలక

కంద మొక్క ఆకులు పసుపుబారి కాడ వాలిపోయిన పిదప దుంప నిద్రావస్థకు చేరుతుంది. రెండు, మూడు నెలల ఈ దశ ముగియనిదే తేమ, వేడి లభించినా మొలక రాదు. గుంటకు సుమారు 500 గ్రాముల విత్తనం పట్టే ఈ పంటలో నిల్వ దుంపలు కుళ్ళితే రైతుకు పెట్టుబడి నష్టమే.

కావున శీతకాలంలో త్రవ్విన దుంపలలో గాయపడినవాటిని ఏరివేయాలి. కుళ్ళు తెగులు గాయాల ద్వారా సులువుగా ప్రవేశిస్తుంది. మిగిలినవాటిని మట్టి దులిపి, గాలి ప్రసరించే నీడలో ఒకే వరుసగా పరచాలి. కుప్ప పోస్తే వేడి, తేమ పెరుగుతాయి.

నిద్రావస్థ తీరాక దుంప నడినెత్తిన మొగ్గ ఉబ్బుతుంది. నాటుటకు కోసిన ప్రతి ముక్కకూ ఈ మొగ్గలో కొంత భాగం ఉండాలి. లేనిచో మొలక ఆలస్యమై, చేను ఎగుడుదిగుడుగా పెరుగుతుంది. ముక్కలను పేడనీటిలో ముంచి, నీడన ఆరబెట్టి నాటాలి.