కంప్యూటర్ డిస్క్ మొండికేసిందా? ఫార్మాట్ మాట ఎత్తకండి!

నిన్న రాత్రి వరకు చక్కగా పనిచేసిన కంప్యూటర్, పొద్దున్నే ఆన్ చేస్తే నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు చూపించి ఊరుకుంటుంది. ఏం చేశారని ఇంట్లో ఆరా తీస్తే మీవారో, మీ అబ్బాయో "ఏం లేదు, డిస్క్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వస్తే చేశాను" అని తాపీగా చెబుతారు. ఇక ఇల్లంతా కంగారు! పెళ్లి ఫోటోలు, పాప బారసాల వీడియో, ఇంటి పన్ను రసీదులు, మీరు చీరలో పచ్చళ్లో అమ్ముతుంటే ఎవరి దగ్గర ఎంత రావాలో ఆ లెక్కలూ... అన్నీ అందులోనే వున్నాయి మరి!

గాభరా పడకండి. ఇలాంటప్పుడు చాలాసార్లు కంప్యూటర్ మొదలవదు గానీ లోపలి సరుకు లోపలే వుంటుంది. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. తెలిసినవాళ్లెవరో వచ్చి "ఫార్మాట్ కొట్టేస్తే అయిపోతుందండీ" అంటారు. నిజమే, కంప్యూటర్ బాగుపడుతుంది. ఫోటోలు మాత్రం వుండవు!

ఇంతకీ ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి? ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి పాతకాలం గిర్రున తిరిగే హార్డ్ డిస్క్ బదులు ఎస్.ఎస్.డి. వుంటుంది. అందులో తిరిగేదేమీ లేదు, అంతా చిప్‌లే. ఆ చిప్‌లని నడిపించడానికి డిస్క్ లోపలే వుండే చిన్న ప్రోగ్రామ్ పేరు ఫర్మ్‌వేర్.

మీ వంటింటినే చూడండి. అలమర నిండా ఒకే రకం స్టీలు డబ్బాలు పాతిక వుంటాయి. పేర్లేం రాసి వుండవు. మినప్పప్పు ఎందులో వుందో, ఎండుమిరపకాయలు ఎందులో వున్నాయో మీకొక్కరికే తెలుసు. మీరు పుట్టింటికి వెళితే ఇంట్లోవాళ్లు ఉప్పు కోసం పది డబ్బాల మూతలు తీస్తారు! ఎస్.ఎస్.డి. కూడా అంతే. చిప్‌లన్నీ సమంగా అరగాలని సరుకుని అటూ ఇటూ మారుస్తూ, ఏ ఫైలు ముక్క ఏ గదిలో వుందో తనే ఒక పట్టిక రాసుకుంటుంది. ఆ పట్టిక చూసేది ఫర్మ్‌వేరే. దాన్ని మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోయినా, పట్టిక చెడినా, సరుకంతా అక్కడే వుండి కూడా దొరక్కుండా పోవచ్చు.

'అయితే అప్‌డేట్ చెయ్యకపోతే పోలా?' అనుకుంటున్నారా? అదీ కుదరదు. 2011లో ఇంటెల్ వారి 320 సిరీస్ డిస్కులు కొన్ని, హఠాత్తుగా కరెంటు పోయి వస్తే, ఎంత పెద్ద డిస్క్ అయినా '8 ఎం.బి.' అని చూపించి కూర్చునేవి. ఫర్మ్‌వేర్ మార్చాకే ఆ జబ్బు కుదిరింది. క్రూషియల్ కంపెనీ ఎం-4 డిస్కులది మరీ విచిత్రం. మొత్తం 5,184 గంటలు పనిచేశాక ప్రతి గంటకీ మొరాయించేవి! 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి సరిచేశారు. 2019 నవంబరులో హెచ్.పి. ఎంటర్‌ప్రైజ్ సంస్థ ఆఫీసుల్లో వాడే తమ డిస్కులు కొన్ని 32,768 గంటలు నిండగానే పూర్తిగా చచ్చిపోతాయనీ, లోపలి సమాచారం తిరిగి రాదనీ, వెంటనే అప్‌డేట్ చేసుకోండనీ హెచ్చరించింది. అంటే ఇది మందు లాంటిది. అవసరమైనప్పుడు వేసుకోవాల్సిందే, చూసి వేసుకోవాలి.

సరే, ఇప్పుడు కంప్యూటర్ మొదలవడం లేదు. ముందు తెర మీద ఏం రాసుందో ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. రేపు షాపు అతనికి "ఏదో వచ్చిందండీ" అని చెప్పడం కంటే ఆ ఫోటో చూపిస్తే పని సగం తేలికవుతుంది.

తర్వాత కంప్యూటర్‌ని పూర్తిగా ఆపండి. రీస్టార్ట్ కాదు సుమా! కొన్ని డిస్కులు కరెంటు పూర్తిగా పోయి వస్తే గానీ కొత్త ఫర్మ్‌వేర్‌తో లేవవు. ప్లగ్ తీసెయ్యండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి, పవర్ బటన్ ఓ పావు నిమిషం నొక్కి పట్టుకోండి. ఈలోగా కాఫీ కలుపుకుని తాగి రండి. తర్వాత ఆన్ చేసి చూడండి. కొన్నిసార్లు దీనితోనే లేచి కూర్చుంటుంది.

లేవకపోతే 'బయోస్' చూడాలి. పేరు విని భయపడకండి, అది కంప్యూటర్ తన సామాన్లు లెక్క చూసుకునే పేజీ. ఆన్ చేసిన వెంటనే ఎఫ్-2, ఎఫ్-10, డిలీట్ మీటల్లో ఏదో ఒకటి టకటకా నొక్కితే వస్తుంది. ఏ మీటో కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ దేన్నీ మార్చకండి, చూడండి చాలు. మీ డిస్క్ పేరు, దాని సైజు సరిగ్గా కనిపిస్తున్నాయా?

కనిపిస్తే సగం గండం గడిచినట్టే. డిస్క్ బతికే వుంది, కంప్యూటర్ దాన్ని మొదట చూడటం మర్చిపోయి వుండొచ్చు. 'బూట్' అనే వరసలో 'విండోస్ బూట్ మేనేజర్' పైన వుండాలి. కిందకి జారితే పైకి తెచ్చి, సేవ్ చేసి బయటికి రండి. ఇక్కడో తిరకాసు వుంది. ల్యాప్‌టాప్ కంపెనీ అప్‌డేట్లు ఒక్కోసారి డిస్క్ ఫర్మ్‌వేర్‌తో పాటు బయోస్‌ని కూడా మార్చేస్తాయి. అప్పుడు పాత సెట్టింగులు పోయి, డిస్క్‌తో మాట్లాడే పద్ధతి 'ఎ.హెచ్.సి.ఐ.' నుంచి 'రెయిడ్'కో, అటు నుంచి ఇటో మారిపోతుంది. తెర మీద 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని వస్తే ముందు దీన్నే అనుమానించాలి. ముందున్న పద్ధతికి మార్చగానే విండోస్ ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది!

డిస్క్ పేరే కనిపించకపోయినా, 8 ఎం.బి. లాంటి వింత సైజు చూపించినా ఇంట్లో ప్రయోగాలు ఆపెయ్యండి. మళ్లీ మళ్లీ అప్‌డేట్ చెయ్యడం అసలు వద్దు.

మరో రకం తెర కూడా రావచ్చు. నీలం రంగులో 'బిట్‌లాకర్ రికవరీ కీ' ఇవ్వమని అడుగుతుంది. చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు. కాదు, అది తాళం! లోపల మార్పు కనిపించేసరికి ఎవరైనా దొంగలేమో అని కంప్యూటరే తలుపు వేసుకుంది. తాళం చెవి 48 అంకెల సంఖ్య. ఆ ల్యాప్‌టాప్ మొదట ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెట్టారో ఆ అకౌంటులోకి ఫోన్ నుంచి వెళ్లి వెతికితే చాలామందికి దొరుకుతుంది. అబ్బాయి అమెరికాలోనో బెంగుళూరులోనో వుండి, కొన్నప్పుడు వాడి పేరుతో పెట్టి వుంటే, వాడికే ఫోన్ చెయ్యండి. ఈ అంకెలు లేకుండా ఏ షాపు అతనూ ఆ డేటా తీయలేడు. "నేను తీస్తాను, మూడు వేలివ్వండి" అన్నవాణ్ణి నమ్మకండి.

ఇక షాపుకి తీసుకెళ్లక తప్పనప్పుడు, ముందే గట్టిగా చెప్పండి: "బాబూ, ఫార్మాట్ చెయ్యొద్దు, విండోస్ మళ్లీ వెయ్యొద్దు. ముందు డేటా కాపీ తీసివ్వు." రసీదు మీద కూడా అదే రాయించుకోండి. మొహమాటపడకండి. పాత హార్డ్ డిస్క్‌లో పొరపాటున చెరిపినా కొన్నాళ్లు ఆనవాళ్లు వుండేవి, తవ్వి తీసేవాళ్లు. ఎస్.ఎస్.డి.లో చెరిపారని తెలియగానే అదే ఆ గదులు ఖాళీ చేసేసుకుంటుంది. ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా రావడం దాదాపు అసాధ్యం. తెర మీద తనంతట తానే వచ్చే 'రీసెట్' విషయంలోనూ జాగ్రత్త. అందులో 'రిమూవ్ ఎవ్రీథింగ్' అని వుంటుంది, అన్నంత పనీ చేస్తుంది!

మంచి మెకానిక్ అయితే డిస్క్ విప్పి, చిన్న పెట్టెలో పెట్టి, యు.ఎస్.బి. వైరుతో వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లు కాపీ చేస్తాడు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో చిప్‌లు బోర్డుకే అతికించి వుంటాయి, వాటిని విప్పడం కుదరదు. వారంటీ వుంది కదా అని వెంటనే డిస్క్ ఇచ్చెయ్యకండి. కంపెనీ కొత్త డిస్క్ ఇస్తుంది నిజమే, ఖాళీది! మీ ఫోటోలతో వున్న పాతది వాళ్ల దగ్గరే వుండిపోతుంది. అందుకే ముందు కాపీ, తర్వాతే వారంటీ.

ఈసారి అప్‌డేట్ అడిగితే ముందు ముఖ్యమైనవన్నీ బయటి హార్డ్ డిస్క్‌లో కాపీ చేయించండి. కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టనివ్వకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా వుండి ఛార్జర్ కూడా తగిలించి వుండాలి, బల్ల మీది కంప్యూటర్‌కి యు.పి.ఎస్. వుండాలి. అప్‌డేట్ నడుస్తుంటే తెర కాసేపు కదలకపోయినా స్విచ్ జోలికి ఎవరినీ పోనివ్వకండి. ఇక ఆ 48 అంకెలు ఇవాళే వెతికి, కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు!