ఏడు రేకుల టోపీ

బ్రిటిష్ దీవుల ఉత్తరపు కొనయందు, 60వ అక్షాంశరేఖ చేరువను, షెట్లాండ్ అను ద్వీపసముదాయము కలదు. అక్కడ చెట్లు అరుదు. గాలికి మాత్రము కొదువ లేదు. అట్టి చోట టోపీ అలంకారము కాదు, అవసరము. అయినను అక్కడి స్త్రీలు దానిని అవసరముతోనే విడిచిపెట్టలేదు. చెవుల వద్ద గట్లు గట్లుగా బిగిసియుండు అంచు, నడినెత్తిన చక్రమువలె విచ్చుకొను రంగుల పువ్వు, ఈ రెండును కలిసినదే షెట్లాండ్ ఊలు టోపీ. ఆ పువ్వు వెనుక ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క తెలిసిన చేతులకు ముట్టవలసిన కూలి విషయమై మరియొక లెక్కయు ఉన్నది.

ముందుగా అంచు. సూదిపై నిలుచు ఒక్కొక్క ఉచ్చునే అల్లికలో కుట్టు అందురు. కొత్త ఉచ్చును వెనుకనుండి ముందుకు లాగినచో కుట్టు పైకి ఉబ్బును; ముందునుండి వెనుకకు లాగినచో లోనికి అణగును. రెండు ఉబ్బు, రెండు అణుగు చొప్పున ఒకదానిపై నొకటి నిలుపుచు పోగా గట్లును కాలువలును ఏర్పడి, అల్లిక హార్మోనియము తిత్తివలె ముడుచుకొనును. తలకు తొడుగునపుడు సాగును; తొడిగిన పిమ్మట పట్టుకొనును. ఇందులో రబ్బరు లేదు, నాడా లేదు.

నడినెత్తి కథ వేరు. టోపీని గొట్టమువలె చుట్టూ అల్లుకొనుచు పోయి పైన మూయవలెను. ఊరక బిగించి ముడివేసినచో మూటమూతివలె కుచ్చెళ్లు పడును. కావున కుట్లను క్రమముగా తగ్గించుదురు. చుట్టుకు 112 కుట్లు ఉన్నవనుకొందము. 7 భాగములు చేసినచో భాగమునకు 16 వచ్చును. ప్రతి భాగమునందును ఒకచోట మూడు కుట్లను ఒకటిగా కలిపి, వానిలో నడిమి కుట్టు పైకి తేలునట్లు చేయుదురు. అనగా భాగమునకు రెండేసి, చుట్టుకు 14 తగ్గును. ఒక చుట్టు తగ్గించి, ఒక చుట్టు తగ్గించక అల్లుచు పోగా, అట్టి ఏడు తగ్గింపులకు 98 పోయి 14 మిగులును. వానిని జంటలుగా కలిపిన 7. ఆ ఏడింటి గుండా దారము దూర్చి లాగినచో నడినెత్తి మూసుకొనును. పైకి తేలిన కుట్లు ఏడు గీతలై చక్రపుటాకులవలె నిలుచును.

చిక్కంతయు రంగుల పువ్వు వేయుటలోనే ఉన్నది. ఒక్కొక్క చుట్టులో రెండు రంగుల దారములు నడచును. పైకి కనబడని దారము వెనుకనుండి సాగిపోవుచు టోపీకి రెండవ పొర యగును. భాగము 16 నుండి 14కు, 12కు, 10కి ఇరుకగుచుండగా పూరేకు కూడ దానితోపాటు సన్నగిల్లవలెను. ఒక్క కుట్టు తప్పినను రేకు వంకరపోవును. చుక్కల ముగ్గులో ఒక్క చుక్క తప్పిన ఏమగునో తెలుగు ఇండ్లలో పిల్లలకును తెలియును. కాని ముగ్గును చెరిపి మరల వేయవచ్చును, ఇక్కడ తప్పిన చోటివరకు అల్లినదంతయు విప్పుకొనవలెను. పని ముగిసిన పిదప, వెడల్పు రకపు టోపీలను తడిపి, భోజనపు పళ్లెముపై సాగదీసి ఆరబెట్టుదురు.

ఇంతటి లెక్కను ఆ స్త్రీలు చేతులలోనే నిలుపుకొనిరి. నడుమునకు ఒక తోలుపట్టీ, దానికి గుర్రపు వెంట్రుకలు కూరిన చిల్లుల దిండు. సూది కొనను చిల్లులో గ్రుచ్చినచో ఒక చేతికి భారము తగ్గును. పొయ్యిలోనికి పీటు మట్టిగడ్డలను బుట్టతో వీపున మోయుచు, నడచుచు, అల్లుచున్న స్త్రీల ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి.

ఈ శ్రమకు ఫలమేమి? 19వ శతాబ్దమున లెర్విక్ పట్టణపు వర్తకులు అల్లికకు రొక్కము నీయక సరకు నిచ్చెడివారు: తేయాకు, నూలుగుడ్డ మొదలగునవి, అదియు అంగడి ధరకే. 1872లో ప్రభుత్వము పంపిన విచారణాధికారి విలియం గత్రీ ఎదుట స్త్రీలే వచ్చి సాక్ష్యము పలికిరి. ఇంట పిండి నిండుకొనినపుడు, కూలిగా వచ్చిన తేయాకును ఇతరులకిచ్చి పిండికి మార్చుకొనవలసి వచ్చెడిదని ఆ సాక్ష్యములవలన తెలియుచున్నది. కూలిని సరకు రూపమున చెల్లించుట కూడదని 1831లోనే చట్టము పుట్టినది గాని, ఇంట కూర్చుండి అల్లు ఆడుది దాని నీడకు రాలేదు. 1887లో ఆ చట్టమును సవరించిరి. పాత ఆచారము తరువాతను కొంతకాలము లాగికొని వచ్చెను. ఏడు భాగములను తప్పులేక లెక్కించు ఇల్లాలి కూలి లెక్క మాత్రము అంగడివాని పుస్తకములోనే ఉండెను.

ఆమె విద్యను సైతము ఆమెదిగా ఒప్పుకొనని కథ యొకటి ఉన్నది. 1588లో స్పెయిన్ నౌకాదళపు ఓడ ‘ఎల్ గ్రాన్ గ్రిఫోన్’ ఫెయిర్ ఐల్ దీవి వద్ద బద్దలైనది. ఆ నావికులే ఈ రంగుల అల్లిక నేర్పిరని చెప్పుదురు. దీనికి ఆధారము లేదు. ఆడువారి చేతిపనికి ఎక్కడనో యొక మగగురువును వెదకుట లోకమునకు అలవాటు. పీటు నేలలో 1951లో గన్నిస్టర్ వద్ద బయటపడిన ఒక మనిషి అవశేషములతో ఊలు దుస్తులును, రంగుల నమూనాతో అల్లిన చిన్న సంచియు దొరకినవి. అందలి మూడు నాణెములలో కడపటిది 1690 నాటిది.

1922లో వేల్స్ యువరాజు సెంట్ ఆండ్రూస్ గోల్ఫు మైదానమున ఫెయిర్ ఐల్ అల్లిక స్వెట్టరు ధరించి కనిపించుటతో ఆ పనితనము ఫాషనై, దేశదేశముల గిరాకి పెరిగినది. పేరు దీవికి వచ్చినది, యువరాజునకును వచ్చినది.

ఉపాధ్యాయులు గమనింపదగిన ఘట్టము 2010లో జరిగినది. తరతరములుగా తల్లి ఒడిలోను, తరువాత బడిలోను నేర్చుకొనిన అల్లికను, ఖర్చు తగ్గించుకొనుటకై పాలకమండలి ప్రాథమిక పాఠశాలల బోధననుండి తొలగించినది. కొన్నియేండ్లకు ‘పీరీ మేకర్స్’ అను పేర, అనగా ఆ దీవుల మాటలో ‘చిన్నారి అల్లికవారు’, స్వచ్ఛంద శిక్షకులు పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని నేర్పసాగిరి. అదే 2010లో షెట్లాండ్ ఊలు వారోత్సవమును ఆరంభమైనది. 2015లో దానికై రూపొందించిన టోపీ నమూనాను ఎవరైనను ఉచితముగా తీసికొని అల్లుకొనవచ్చునని ప్రకటింపగా, ఎన్నో దేశములవారు అల్లికొనిరి. క్రింద గట్ల అంచు. దానిపైన టోపీ చుట్టును షెట్లాండ్ గొర్రెల వరుస.